పాత గోవా కొండ మీద సగం గోపురం

ఫిరంగిపురం చుట్టుపక్కల కథోలిక ఇళ్లలో శౌరి పేరు లేని కుటుంబం అరుదు. శౌరయ్య, శౌరమ్మ, పెద్ద శౌరి, చిన్న శౌరి అంటూ ఒక్కో వీధిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. అది పునీత ఫ్రాన్సిస్ శౌరి వారి పేరు. స్పెయిన్ దేశంలో పుట్టిన ఆయన 1542లో గోవాలో ఓడ దిగాడు. తమిళ దేశపు ముత్యాల తీరంలో పరవర్లనే బెస్తవాళ్ల మధ్య తిరిగి, మలక్కా దాటి జపాన్ దాకా వెళ్లి, చైనా తీరానికి దగ్గర్లో ఒక దీవిలో 1552లో కన్నుమూశాడు. ఆయన దేహాన్ని 1554లో గోవాకు తెచ్చారు. అప్పటి నుంచి అక్కడే ఉంది. పదేళ్లకోసారి కిందికి దించి జనానికి చూపిస్తారు.

మా నాయనమ్మకు ఈ సంగతులన్నీ నోటికి వచ్చు. ఆవిడ చదువుకోలేదు. గుడిలో ప్రసంగాలు విని, ఉపదేశి చెప్పిన కథలు విని గుర్తు పెట్టుకున్నదే అంతా. మిరప తోటల్లో పని, ఇంట్లో గొడ్డూ గోదా, వరసగా పిల్లల పెళ్లిళ్లు. గోవా వెళ్లి శౌరి వారిని చూద్దామంటే ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పడేది.

1994 నవంబరులో ప్రదర్శన మొదలవుతుందని ఒక ఆదివారం పూజలో ఫాదర్ గారు చెప్పారు. ఆ రోజు నాయనమ్మ గుడి నుంచి ఆలస్యంగా వచ్చింది. యాత్ర బస్సుకి పేర్లు రాయించి మరీ వచ్చింది. తన పేరు, నా పేరు. నాకప్పుడు పద్నాలుగేళ్లు.

"అర్ధ సంవత్సరం పరీక్షలున్నాయే అమ్మా దానికి" అన్నాడు నాన్న.

"పరీక్షలు ఏటా వస్తాయిరా. శౌరి వారు పదేళ్లకు గానీ కిందికి దిగరు. అప్పటికి నేనుంటానా?" అంది నాయనమ్మ. నాన్న ఇంకేమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, "నీకు చదువొచ్చుగా, దారిలో బోర్డులు చదివి చెబుదువు గాని" అంది.

బస్సులో సగం మంది మా ఊరి వాళ్లే. టాప్ మీద గుండిగలు, బియ్యం బస్తాలు, కట్టెలు. సీట్ల కింద గోంగూర పచ్చడి జాడీలు, చద్దికి పులిహోర. కర్నూలు, బళ్లారి, హోస్పేట, హుబ్లీ. ఊరు దాటినప్పుడల్లా జపమాల మొదలయ్యేది. వెనక సీట్ల వాళ్లు కునుకు తీస్తుంటే ముందు సీట్ల వాళ్లు గొంతు పెంచేవాళ్లు. హుబ్లీ దాటాక నేల రంగు మారింది. లోండా వైపు అడవి మొదలైంది. అన్మోడ్ ఘాట్‌లో బస్సు మలుపులు తిరుగుతుంటే నాయనమ్మ ఒక చేత్తో సీటు, ఒక చేత్తో నా జడ పట్టుకుంది. పల్నాటి ఎండలకు అలవాటుపడ్డ కళ్లకు ఆ పచ్చదనం మొదట్లో నమ్మకం కలగలేదు. ఎర్ర మట్టి, దాని మీద ఎక్కడ చూసినా పచ్చ. కొబ్బరి చెట్లు కోనసీమలో ఉన్నట్టే ఉన్నాయిగాని ఇళ్ల పెంకులు, వరండాలు, ఇంటి ముందు తెల్ల శిలువలు వేరే దేశంలో దిగినట్టు అనిపించాయి.

పాత గోవా ఊరంటే ఊరు కాదు. మాండవి నది ఒడ్డున పెద్ద పెద్ద గుళ్లు, వాటి మధ్య పచ్చిక, చెట్లు. ఇళ్లు చాలా తక్కువ. ఒకప్పుడు ఇది పోర్చుగీసు వాళ్ల తూర్పు రాజ్యానికంతటికీ రాజధాని. గోవా చూసినవాడికి లిస్బన్ చూడక్కర్లేదని వాళ్లలో సామెత ఉండేదట. తర్వాత ప్లేగు, మలేరియా ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని తోడేశాయి. 1759లో వైస్రాయి పణజి వైపు కాపురం మార్చాడు. 1843లో పణజే అధికారిక రాజధాని అయింది. ఇళ్లు కూలాయి, వాటి రాళ్లు వేరే చోటికి పోయాయి. గుళ్లు మాత్రం మిగిలాయి. 1986లో వాటిని యునెస్కో వారసత్వ సంపద జాబితాలో చేర్చారు. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. ఆ రోజు నాకు కనిపించింది జనం, జనం, జనం. కొంకణి వాళ్లు, మరాఠీ వాళ్లు, మంగళూరు వాళ్లు, తమిళులు, మలయాళీలు, మధ్యలో ఎర్ర చీరల్లో మా గుంటూరు జిల్లా ఆడవాళ్లు.

ముందు బొం జెజూస్ గుడిలోకి వెళ్లాం. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠించిన గుడి. బయటి నుంచి ముదురు ఎరుపు, నలుపు రాయి. సున్నం లేదు. మా ఊళ్లో గుడికి పండగ పండగకి తెల్ల సున్నం కొడతారు కాబట్టి నాయనమ్మకు ఇది నచ్చలేదు. "ఇంత గుడి కట్టి సున్నం కొట్టలేకపోయారా?" అంది. ఆవిడ మాటలో ఎంత పాయింటు ఉందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ గుడికి మొదట సున్నపు పూత ఉండేది. 1950ల్లో ఒక పోర్చుగీసు వాస్తుశిల్పి, పాతగా కనిపిస్తే బాగుంటుందని దాన్ని గీకించేశాడు. అక్కడి లాటరైట్ రాయి గనిలో ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. కానీ ఒళ్లంతా చిల్లులే. గోవాలో కురిసే వాన ఆ చిల్లుల్లోంచి లోపలికి దిగుతుంది. పూత ఉండాల్సింది అందం కోసం కాదు, వాన కోసం. మళ్లీ పూత పూయాలా వద్దా అని ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. నన్నడిగితే నాయనమ్మ పక్షమే.

లోపలికి అడుగు పెట్టగానే మాత్రం ఆవిడ నోట మాట రాలేదు. నేల నుంచి కప్పు దాకా బంగారు పూత పూసిన చెక్కడం. మెలికలు తిరిగిన స్తంభాలు, వాటికి అల్లుకున్న తీగలు, దేవదూతల మొహాలు. మధ్యలో నిలువెత్తు కన్నా పెద్దగా, శౌరి వారి జెస్యూట్ సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా. ఆయన కళ్లు పైకి, యేసు నామం రాసి ఉన్న సూర్యబింబం వైపు తిరిగి ఉంటాయి. ఆ పైన త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ. బరోక్ అంటే ఇదేనని తర్వాత పుస్తకాల్లో చదివాను. చూసేవాడి కళ్లను ఒక చోట నిలవనీయకుండా పైపైకి లాక్కెళ్లే పద్ధతి. చదువురాని నాయనమ్మ మీద అది కట్టినవాళ్లు కోరుకున్నట్టే పనిచేసింది. కింది నుంచి పై దాకా చూసి, మళ్లీ కిందికి వచ్చి, ఇగ్నేషియస్ వారి పాదాల దగ్గర ఉన్న చిన్న స్వరూపాన్ని పట్టుకుంది. "ఏమే, అదుగో, మన బాలయేసే!" అని నన్ను గిల్లింది. ఫిరంగిపురం గుడి బాలయేసుదే కదా. ఇంత దూరం వచ్చాక మా ఊరి దేవుణ్ణి చూసినంత సంతోషం ఆవిడ మొహంలో.

పక్కనే శౌరి వారి సమాధి మందిరం ఉంది. ఇటలీలోని టస్కనీ పాలకుడు మూడవ కోసిమో పంపిన పాలరాతి పీఠం, ఫ్లారెన్స్ శిల్పి ఫొజ్జీని చెక్కింది, 1698లో ఇక్కడ నిలబెట్టారు. దాని మీద గోవా కంసాలులు చేసిన వెండి పేటిక. ఆ పాలరాయి కన్నా ఆ వెండి పనే నాకు గొప్పగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. ప్రదర్శన రోజుల్లో దేహాన్ని అద్దాల పెట్టెలో ఎదుటి సే కెథెడ్రల్‌కి తీసుకెళ్తారు. ఎండలో గంటల తరబడి వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి నాయనమ్మకు దక్కింది కొన్ని క్షణాలే. అద్దానికి పెదవులు ఆనించి, కొంగుతో తుడిచి, ఊళ్లో ఉన్న శౌరయ్యలందరి పేర్లూ గబగబా చెప్పేసింది. వెనక వాలంటీర్ "చలో, చలో" అంటున్నాడు.

అన్నాలయ్యాక మిగతావాళ్లు చెట్ల కింద నడుం వాల్చారు. నాయనమ్మ మాత్రం కొబ్బరి తలల మీదుగా దూరంగా కొండ వైపు చూస్తోంది. అక్కడ ఒంటరిగా ఒక ఎత్తైన గోడలాంటిది నిలబడి ఉంది. గోడ కాదు, గోపురం. ఒక పక్క పూర్తిగా ఊడిపోయి, లోపలి అంతస్తుల కిటికీలు ఆకాశంలోకి తెరుచుకుని ఉన్నాయి.

"అదేం గుడే?"

బోర్డు చదివి చెప్పాను. పునీత అగస్టీను వారి గుడి, మఠం, శిథిలాలు.

"శిథిలమైతే మాత్రం గుడి కాకుండా పోద్దా? పద."

మోంతె సాంతో అంటారు ఆ కొండని. పెద్ద ఎత్తు కాదు, కానీ మధ్యాహ్నం ఎండ. నాయనమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. పైన మేమిద్దరమే దాదాపు. యాత్రికులెవరూ అటు రాలేదు, అక్కడ మొక్కడానికి స్వరూపం లేదు కాబట్టి. ఇప్పుడు వెళ్తే కనిపించే నేల అప్పట్లో చాలా వరకు మట్టి కింద ఉండేది. గోడల మొండేలు, వాటి మీద మొలిచిన రావి మొక్కలు, రాళ్ల గుట్టలు. ఆ గుట్టల మధ్య అక్కడక్కడా నల్లటి సమాధి పలకలు. వాటి మీద వంశ చిహ్నాలు, పోర్చుగీసు అక్షరాలు, ఒక దాని మీద పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు. నేను దాని మీద నిలబడి అక్షరాలు కూడబలుక్కుంటుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టి పక్కకి లాగింది.

"సమాధి మీద నిలబడతారా ఎవరన్నా? దిగు."

తర్వాత ఆవిడ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కొంగు తల మీదికి లాక్కుని, ఆ రాళ్ల మధ్య మోకరించింది. మా దగ్గర నవంబరు 2న సమాధుల పండుగ. ఆ రోజు ఊరంతా సమాధుల దొడ్డికి వెళ్లి, కొవ్వొత్తులు వెలిగించి, చచ్చిపోయిన వాళ్ల కోసం జపం చెబుతాం. ఆ జపాలే మొదలుపెట్టింది. ఒక పరలోక జపం, మంగళవార్తలు, చివర్లో నిత్య విశ్రాంతి.

"నాయనమ్మా, వీళ్లెవరో మనకి తెలీదు కదా" అన్నాను.

"తెలిసినోళ్లకి చెప్పడానికి వాళ్ల మనవలు మనవరాళ్లు ఉంటారు. ఇక్కడ పడున్నోళ్లకి ఎవరున్నారే? పేర్లు దేవుడికి తెలుసు, మనం జపం చెబితే చాలు."

సాయంత్రానికి బస్సు దగ్గరికి దిగొచ్చాం. ఊళ్లో ఆవిడ జనానికి చెప్పిందంతా శౌరి వారి గురించి, బంగారు పీఠం గురించి. కొండ గురించి ఎప్పుడన్నా నాతో మాత్రం మాట్లాడేది. "పాపం ఆ గుడికి కప్పెవరు తీశారో" అనేది.

ఎవరు తీశారో నేను డిగ్రీలో లైబ్రరీల్లో వెతుక్కున్నాను. అగస్టీను సభ సన్యాసులు గోవాకి 1572లో వచ్చారు. కృపామాత పేరిట ఆ కొండ మీద పెద్ద గుడి కట్టి 1602 నాటికి పూర్తి చేశారు. లోపల ఎనిమిది చిన్న మందిరాలు, నాలుగు పీఠాలు, పక్కనే సన్యాసుల గదులతో మఠం. ముఖద్వారం పక్కన గంట గోపురం, దాదాపు 46 మీటర్లు. రెండొందల ఏళ్లకు పైగా అంతా బాగానే నడిచింది. తర్వాత పోర్చుగల్‌లో ప్రభుత్వం మారింది. సన్యాస సభలన్నిటినీ రద్దు చేస్తూ చట్టం చేశారు. 1835లో అది గోవాలో అమలైంది. సన్యాసుల్ని వెళ్లగొట్టారు. మనుషులు లేని కట్టడం గోవా వానల ముందు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏడేళ్లకే, 1842లో, కప్పు కూలింది. ఆ తర్వాత గుడి ఒక్కో ముక్కా పోయింది. 1931లో ముఖద్వారం, గోపురంలో సగం పడిపోయాయి. 1938లో మరికొంత. కప్పు ఎవరో వచ్చి ఊడబెరికింది కాదు. ఏటా పెంకులు సర్దే మనిషి లేకపోవడమే దాన్ని తీసేసింది.

నాయనమ్మ 2001లో పోయింది. 2004 ప్రదర్శన ఆవిడ చూడలేదు, తాను అన్నట్టే.

నేను ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి తార్నాకలో ఉండేదాన్ని. ఉప్పల్ వైపు ఆఫీసుకి బస్సులో వెళ్తుంటే రోజూ హబ్సిగూడలో సీసీఎంబీ దాటుకుని వెళ్లాలి. సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం. చెట్ల వెనక పెద్ద ప్రాంగణం, గేటు దగ్గర సెక్యూరిటీ. లోపల డీఎన్‌ఏ మీద పనిచేస్తారని తప్ప ఇంకేం తెలియదు. ఆ గేటుకీ నా జీవితానికీ ఏం సంబంధం ఉంటుందని?

ఒక రోజు పేపర్లో వార్త. గోవాలోని అగస్టీను మఠం శిథిలాల్లో దొరికిన ఒక ఎముక జార్జియా రాణి కెతెవాన్‌ది కావచ్చని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తేల్చారు. బస్సులో నిలబడి చదువుతున్నాను. రెండోసారి చదివాను. కిటికీలోంచి చూస్తే సీసీఎంబీ గేటు వెనక్కి పోతోంది. స్టాప్ రాకముందే దిగిపోవాలనిపించింది.

కెతెవాన్ కథ చెప్పాలి, మనలో తెలిసినవాళ్లు తక్కువ. కాకసస్ కొండల్లోని జార్జియాలో కాఖెతి అనే రాజ్యం. భర్త పోయాక చిన్న కొడుకు తరఫున రాజ్యం నడిపింది ఆవిడ. అప్పట్లో పర్షియాని ఏలుతున్నవాడు షా అబ్బాస్. జార్జియా మీద అతని కన్ను పడింది. రాజ్యాన్ని కాపాడుకోవడానికి ఆవిడ తానే షా దగ్గరికి బందీగా వెళ్లింది. షిరాజ్ నగరంలో దాదాపు పదేళ్లు చెరలో ఉంచారు. మతం మార్చుకోమన్నారు. ఒప్పుకోలేదు. 1624 సెప్టెంబరులో ఎర్రగా కాల్చిన ఇనుముతో హింసించి చంపారు. ఆ రోజుల్లో షిరాజ్‌లో అగస్టీను సన్యాసులు ఉన్నారు. వాళ్లు ఆవిడ అవశేషాల్ని రహస్యంగా తవ్వి తీసి దాచారు. అందులో కొంత భాగాన్ని 1627లో ఓడలో గోవాకి తెచ్చి తమ మఠంలోనే ఒక రాతి పేటికలో ఉంచారు. మఠంలో సన్యాసులు సమావేశమయ్యే గది పక్క మందిరంలో, రెండో కిటికీ దగ్గర, అని వాళ్ల రాతల్లో ఉంది. జార్జియా వాళ్లకి ఆవిడ పునీతురాలు. ఆ రాతలు పట్టుకుని జార్జియా నుంచి మనుషులు వచ్చి ఆ కొండ మీద వెతికారు. కానీ గుడి మొత్తం కూలి కుప్పపడి ఉంటే రెండో కిటికీ ఎక్కడని కనిపెట్టడం?

మన పురావస్తు శాఖ వాళ్లు ఓపిగ్గా ఆ కుప్పలు తొలగించారు. ఏ గది ఎక్కడుందో గోడల మొదళ్లు చూసి తేల్చుకుంటూ వెళ్లారు. 2004లో ఆ చోట ఒక పొడవాటి చేతి ఎముక దొరికింది. అది హైదరాబాద్‌కి వచ్చింది. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ పరీక్షించారు. అది యూ1బీ అనే గుంపుకి చెందింది. మన దేశంలో ఆ గుంపు కనిపించదు, జార్జియా వైపు కనిపిస్తుంది. ఇది ఆవిడేనని నూటికి నూరుపాళ్లు అనలేదు శాస్త్రవేత్తలు. తవ్వకం చెప్పినదీ, పాత రాతలు చెప్పినదీ, డీఎన్‌ఏ చెప్పినదీ ఒక్కదానికొకటి సరిపోతున్నాయి కాబట్టి ఆవిడే అయి ఉండే అవకాశం బలంగా ఉందన్నారు. అంత జాగ్రత్తగా మాట్లాడినందుకే నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే మీ నాయనమ్మ జపం చెప్పింది ఒక రాణికన్నమాట" అన్నాడు.

పేర్లు దేవుడికి తెలుసు అని ఆవిడ అన్న మాట నాన్నకి చెప్పానో లేదో గుర్తు లేదు. నేను మాత్రం చాలాసేపు నిద్రపోలేదు.

2021 జులైలో మన విదేశాంగ మంత్రి జైశంకర్ ఆ అవశేషాన్ని జార్జియా రాజధాని టిబిలిసీ తీసుకెళ్లి వాళ్లకి అప్పగించారు. టీవీలో చూశాను. నల్లటి అంగీల్లో గురువులు, ఏడుస్తున్న ఆడవాళ్లు. మూడొందల తొంభై ఏళ్లు పైగా మన దేశంలో ఉండి వెళ్లింది ఆవిడ.

కోవిడ్ తగ్గాక మా ఆయన్నీ, అమ్మాయినీ తీసుకుని గోవా వెళ్లాను. వాళ్లిద్దరికీ బీచ్‌లు, నాకు ఈ కొండ. పొద్దున్నే వెళ్లాం. కొండ మీద నా జ్ఞాపకంలోని చోటు లేదు. మట్టి పోయింది. గుడి నేల అంతా బయటపడింది. నడవా ఎక్కడ, పీఠం ఎక్కడ, పక్క మందిరాలు ఎక్కడ, అన్నీ అడుగు గోడల మీద చదువుకోవచ్చు. చిన్నప్పుడు రాళ్ల గుట్టలనుకున్నవి వరసగా మందిరాలు. కొన్ని గోడల అడుగున పోర్చుగీసు పింగాణీ పలకలు ఇంకా అంటుకుని ఉన్నాయి. నీలం, పసుపు రంగులు నిన్న వేసినట్టు. సమాధి పలకలు నేలలో బారులు తీరి ఉన్నాయి. మా అమ్మాయి ఒకదాని మీద అడుగు వేయబోతే నా చెయ్యి దానంతటదే దాని భుజం మీద పడింది.

మఠం వైపు నడవాలు, గదుల ఆనవాళ్లు, మెట్లు. గుడికన్నా నాకు ఇక్కడే ఎక్కువసేపు నిలబడాలనిపించింది. గుడి దేవుడి కోసం కట్టింది, ఎత్తుగా, గొప్పగా. మఠం మనుషులు బతికిన చోటు. ఈ గదుల్లో ఉన్నవాళ్లలో ఒకరిద్దరు షిరాజ్‌లో రాత్రిపూట సమాధి తవ్వారు, ఆ ఎముకల్ని ఓడలో ఇంత దూరం మోసుకొచ్చారు. తమ సభకు చెందని, తమ దేశానికి చెందని ఒక ఆర్థడాక్స్ రాణి కోసం.

ఆ మనుషుల మీద గౌరవం ఎంత ఉన్నా, ఇదే గోవాలో 1560 నుంచి 1812 దాకా మధ్యలో కొన్నేళ్లు తప్ప ఇంక్విజిషన్ అనే మత విచారణ కోర్టు నడిచిందని మర్చిపోలేను. గుళ్లు పడగొట్టారు, మాతృభాషలో పాడుకునే పాటలకీ పెళ్లి ఆచారాలకీ జనాన్ని శిక్షించారు. మతం మారనన్న రాణిని పునీతురాలంటాం. మతం మారనని ఊరు విడిచి కెనరా, అంటే కన్నడ తీరం, వైపు పారిపోయిన గోవా కుటుంబాల్ని ఏమంటాం? మా అమ్మాయి ఇదే ప్రశ్న అడిగింది, పదో తరగతి చరిత్ర పుస్తకం తాజాగా ఉంది దాని బుర్రలో. వాళ్లదీ అదే ధైర్యం అని చెప్పాను. కథోలిక ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఈ మాట నేను ఇంకా గట్టిగా చెప్పాలి.

దగ్గర్లోనే శాంతా మోనికా కాన్వెంటు ఉంది. 1606లో మొదలైన కన్యల మఠం, మూడంతస్తుల కట్టడం. సభల రద్దు తర్వాత అక్కడ కొత్తవాళ్లని చేర్చుకోనివ్వలేదు, ఉన్నవాళ్లని మాత్రం ఉండనిచ్చారు. ఒక్కొక్కరే పోతూ, ఆఖరి సిస్టర్ 1885లో పోయారు. యాభై ఏళ్లు, తగ్గుతూ తగ్గుతూ. ఆ ఆఖరి రోజుల్లో అంత పెద్ద మఠంలో ఒక్క గొంతు సాయంకాల ప్రార్థన ఎలా చెప్పి ఉంటుందో అని ఆలోచిస్తే గొంతు పట్టేసింది. అయితే వాళ్లు లోపల ఉండబట్టే ఆ కట్టడం నిలిచింది. అగస్టీను మఠం ఖాళీ అయింది, కూలింది. మోనికా మఠంలో కొందరు ఆడవాళ్లు మొండిగా ఉండిపోయారు, అది ఈనాటికీ కప్పుతో ఉంది. ఇప్పుడు అందులో క్రైస్తవ కళల మ్యూజియం. ఏనుగు దంతం బాలయేసు స్వరూపాల్ని చూసి మా అమ్మాయే ముందు గుర్తుపట్టింది.

అగస్టీను గుడి నుంచి ఇంకా పనిలో ఉన్నది ఒక్కటే, దాని గంట. సన్యాసులు వెళ్లిపోయాక ఆ పెద్ద గంటని గోపురం నుంచి దించి అగ్వాడా కోటలోని దీపస్తంభానికి తీసుకెళ్లారు. 1871లో పణజిలోని నిష్కళంక మాత గుడికి చేర్చారు. గోవాలో సే కెథెడ్రల్ గంట తర్వాత పెద్దది అదే. పణజి నడిబొడ్డున, మెలికలు తిరిగే తెల్లటి మెట్ల పైన ఉంటుంది ఆ గుడి. సినిమాల్లో అందరూ చూసే ఉంటారు. మెట్ల దగ్గర ఫొటోలు దిగేవాళ్లలో తల పైకెత్తి గంటని చూసేవాళ్లు తక్కువ.

సాయంత్రానికి అక్కడికి చేరాం. మా ఆయన ఫొటోలు తీస్తుంటే నేను మెట్ల మీద కూర్చుని నాన్నకి వీడియో కాల్ చేశాను. మోకాళ్ల నొప్పులతో ఆయన ప్రయాణాలు మానేశాడు. కొండ చూపించిన వీడియోలు అప్పటికే పంపాను, ఆయన అన్నీ చూశాడు. "కప్పు వేయలేదా ఇంకా?" అని అడిగాడు, వాళ్లమ్మలాగే. వేయరు నాన్నా, ఉన్నది పడకుండా చూసుకుంటారు అని చెబుతున్నాను. ఇంతలో పైన గంట మోగింది. మెట్ల మీద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను.

గంట ఆగాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాన్న ఇంకా లైన్లోనే ఉన్నాడు. అమ్మని కేకేస్తున్నాడు, టీవీ కట్టెయ్యి, త్రికాల జపానికి వేళైంది అని.